తారు పూసిన మీట

అటక మీది పెట్టెను కిందికి దించమని హజరత్తయ్య అడిగినప్పుడు రోజారమణి వినపడనట్టు నటించింది. రిపేరు కొట్లో కూర్చున్న ఆమె చేతిలో ఎవరిదో పడవ జీపీఎస్ ఉంది. ఉప్పునీళ్ళు తాగి మూగబోయిన దాని పొట్ట విప్పి చూస్తోంది. అయితే హజరత్తయ్య ఆ జాలర్ల కుప్పానికి పెద్ద, డెబ్బై ఏళ్ళ మనిషి. వినపడనట్టు నటిస్తే లేచిపోయే రకం కాదు, ఇంకాస్త సర్దుకుని కూర్చునే రకం. బెంచీ మీద తువ్వాలు పరుచుకుని మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకున్నాడు.

పులికాట్ సరస్సు ఒడ్డున ఉన్న ఈ నడిమికుప్పంలో ఇరవై నాలుగు ఇళ్ళకు వల కట్టే హక్కు ఉంది. సరస్సులో వల కట్టే తావులు కూడా ఇరవై నాలుగే. ఒక్కో తావును పాడు అంటారు. ఏ పాడు ఏ ఇంటిదో ఏడాదికొకసారి, వినాయక చవితి దాటాక వచ్చే పున్నమి నాడు, చీటీ తీసి తేలుస్తారు. తావులన్నీ ఒకటి కావు. సముద్రం నీళ్ళు లోపలికి వచ్చే ముఖద్వారం పక్కనే ఉంది ఏడో పాడు. రొయ్య పిలిచినట్టు అక్కడికి వస్తుంది. దానికి ఆనుకుని ఉన్న ఎనిమిదోది ఉత్త బురద. అక్కడ వల కడితే నాచు, చచ్చిన గుల్లలు, ఇంటికొచ్చాక పెళ్ళాం చేత నాలుగు మాటలు, అంతే దక్కేది.

ఈమధ్య కుండలోంచి తీస్తున్న ఈ చీటీలను నిరుడు హజరత్తయ్య మనవడు ముఖేష్ ఫోన్లో తీశాడు. కృష్ణపట్నం పోర్టులో కంప్యూటర్ల పని చేసేవాడు, బుద్ధిమంతుడు. ఫోన్ అతనిది, నొక్కిన వేలు అతనిది, ఏడో పాడు వచ్చింది మాత్రం తాత ఇంటికి. పాపం అతను ఏ మాయా చేయలేదు. కానీ తాటిచెట్టు కింద కూర్చుని పాలు తాగినా కల్లే అంటుంది లోకం. ఆ ఏడంతా కుప్పంలో ఒకరి వల మీద ఒకరికి కన్ను, ఒకరి మాట మీద ఒకరికి అనుమానం.

"మీ నాయన పెట్టె అయితే ఎవురిల్లు వాళ్ళే నొక్కుకుంటారు గదమ్మే" అన్నాడు హజరత్తయ్య. "పదమూడేళ్ళు తీసినాం దాంట్లో. ఒక్క తగువు రాలా."

ఒక్క తగువు వచ్చింది. అది హజరత్తయ్యకూ తెలుసు, రోజారమణికి ఇంకా బాగా తెలుసు. ఆ ఒక్కటి గురించే ఆయన లేవబోతూ, తువ్వాలు దులుపుకుంటూ, నేల చూస్తూ చెప్పాడు. ఆదెయ్య ఒప్పుకోవడం లేదట. ఆ పెట్టె అప్పుడు ఆమె తండ్రి రమణయ్య మాట వినింది, ఇప్పుడు కూతురి మాట వింటుందని పెద్దల ముందే అన్నాడట. పెట్టె వస్తే తాను కూడా వచ్చి ఆ మాట అందరిలో ఇంకోసారి అంటానన్నాడట.

ఆయన వెళ్ళాక రోజారమణి జీపీఎస్‌ను పక్కన పెట్టేసింది. తండ్రి పోయి పదేళ్ళయింది. పోయిన మనిషిని దొంగ అంటే ఆయన ఎలాగూ బదులు చెప్పలేడు. బతికున్నప్పుడు కూడా చెప్పలేదు, అదే ఆమె గుండెలో ముల్లు.

*

రమణయ్య తెల్లవారుజామున సరస్సులో వల తీసేవాడు, పొద్దెక్కాక ఇదే కొట్లో రేడియోలు బాగుచేసేవాడు. ఎనభై తొమ్మిదిలో ట్రాన్సిస్టర్లు కొనుక్కొస్తానని మద్రాసు వెళ్ళి, బర్మా బజారులో ఏ గాలి సోకిందో ఏమో, ఒక హోమ్ కంప్యూటర్‌ను గోనెసంచిలో చుట్టుకుని బస్సు దిగాడు. చూడ్డానికి అదొక మందపాటి కీబోర్డు. కంప్యూటరంతా దాని పొట్టలోనే. టీవీకి తగిలిస్తే బతుకుతుంది, టేపురికార్డరుకు తగిలిస్తే పాఠం నేర్చుకుంటుంది. టేపులోంచి పాఠం ఎక్కేటప్పుడు అది చేసే కీచుమోతకు వీధిలో కుక్కలు కూడా లేచిపోయేవి.

రమణయ్య భార్య పేరు ముసలమ్మ. పేరే ముసలమ్మ, మనిషికి అప్పటికి ముప్పై ఐదేళ్ళు, నోటికి ఇరవై. ఆ పెట్టెను ఆమె సవతి అని పిలిచేది. సవతికి దుప్పటి కప్పినావా, సవతి దగ్గరే పడుకో పో, అని సన్నగా రోజంతా నస. రమణయ్య నవ్వి ఊరుకునేవాడు. సాయంత్రం దీపాలు పెట్టక ముందే పక్కింటి నుంచి ఆదెయ్య కొట్లోకి వచ్చేవాడు. వరసకు బావ, ప్రాణానికి స్నేహితుడు. ఇద్దరూ టీవీ ముందు గొంతుక్కూర్చుని ఇటుకల ఆట ఆడేవారు. కింద ఒక పలక, పైన ఇటుకలు, మధ్యలో ఎగిరే బంతి. పలకతో బంతిని కొట్టి ఇటుకలు రాల్చాలి. నలభై దాటిన ఇద్దరు మగవాళ్ళు బంతి జారిపోతే నువ్వంటే నువ్వని పోట్లాడుకునేవారు. రోజారమణికి ఆ సాయంత్రాలు ఇప్పటికీ ఉప్పుచేప వేయించిన వాసనతో సహా గుర్తున్నాయి.

తొంభైలో పాడు చీటీలు కుండలోంచి తీస్తూ రెండు చీటీలు అంటుకున్నాయని గొడవైంది. అప్పుడు రమణయ్య తన పెట్టె చేత తీయిద్దామన్నాడు. వారం కూర్చుని రాశాడు ఆ ప్రోగ్రాం. తెర మీద తెలుగు రాదు కాబట్టి ఇంగ్లీషు అక్షరాల్లో 'నొక్కండి' అని పడుతుంది, పెట్టె ఒక కూత కూస్తుంది. కూత కాగానే లోపల ఒకటి నుంచి ఇరవై నాలుగు దాకా అంకెలు తిరుగుతుంటాయి, పైకి కనపడవు. ఇంటి మనిషి వచ్చి బొత్తాం నొక్కగానే ఏ అంకె దగ్గర ఉందో అది తెర మీద పడుతుంది. ఆ అంకె ముందే వేరే ఇంటికి పోయి ఉంటే, దాన్ని ఒక్కసారి చూపించి, తర్వాత ఖాళీగా ఉన్న అంకె ఇస్తుంది. ఎవరి చెయ్యి వారిది, ఎవరి నుదురు వారిది. పెట్టె సొంతదారుడు తానే నొక్కితే బాగుండదని రమణయ్య తన ఇంటి వంతుకు కూతురిని నొక్కమనేవాడు. ఊరి ఉత్తరం కొస నుంచి లెక్కిస్తే వాళ్ళది రెండో ఇల్లు, ఆదెయ్యది మూడోది.

మొదటి ఏడాది రోజారమణి నొక్కితే ఇరవై రెండు వచ్చింది. ఏదో ఒకటి, అంతే. గొడవ అక్కడ కాదు. ఆ ఏడాది వలలు చిరిగిపోయి, ఇంట్లో బియ్యం కష్టంగా ఉన్నప్పుడు ముసలమ్మ నస ఏడుపుగా మారింది. ఈ పెట్టె కొన్నాకే ఇంటికి శని పట్టిందని ఒక పొద్దున పెరట్లో కూర్చుని ఏడ్చింది. రమణయ్య నవ్వలేదు ఆ రోజు. పద్నాలుగేళ్ళ పిల్ల ఆ రెండూ చూసింది. ఈ పెట్టే రొయ్యలు తెచ్చిపెడితే అమ్మ ఇంక ఏమంటుంది, అనుకుంది.

పిల్ల తెలివితేటలు పెద్దలకు తెలియకుండా పెరుగుతాయి. ఆ కంప్యూటర్ నిదానస్తురాలు. ఇరవై నాలుగు అంకెలూ ఒక చుట్టు తిరిగి రావడానికి దానికి మూడు సెకన్లు పట్టేది. కూత దగ్గర మొదలు, ప్రతిసారీ ఒకటి నుంచే. రోజారమణి పడవలో తెడ్డు వేస్తూ పెరిగిన పిల్ల. తెడ్డు మీద తెడ్డు ఒక్కటే లెక్కలో వేయడం కుప్పం పిల్లలకు నడకతో పాటు వస్తుంది. తండ్రి సరస్సు మీద ఉన్న పొద్దుల్లో ఆమె ప్రోగ్రాం ఎక్కించుకుని, కూత వినగానే మనసులో తెడ్డు వేసేది. నాలుగో తెడ్డు నీళ్ళను తాకేసరికి అంకెలు రెండో చుట్టులో ఏడు దగ్గరికి వచ్చేవి, అక్కడ వేలు ఆనించేది. ఆరు, తొమ్మిది, ఎనిమిది, ఆరు. నెల తిరిగేసరికి ఏడు. మళ్ళీ ఏడు. పదికి తొమ్మిది సార్లు ఏడు.

ఆ పున్నమికి ఏడో పాడు రమణయ్య ఇంటికి వచ్చింది. ముసలమ్మ పెట్టెకు పసుపు రాసి బొట్టు పెట్టింది. మరుసటి ఏడాది కూడా ఏడే వచ్చింది. అప్పుడు జనం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ వెంటనే ఆదెయ్య వంతు. ఆయన నొక్కగానే తెర మీద ఏడు పడింది. అందరూ చూశారు. ఒక్క క్షణం నిలిచి, అది పోయిన అంకె కాబట్టి పక్కకు జరిగి ఎనిమిది అయింది.

"అది నా ఏడు" అన్నాడు ఆదెయ్య.

ఆ ఏడు ఎనిమిదో పాడులో ఆయనకు బురద తప్ప ఏమీ దక్కలేదు. వేసవికి పడవ అమ్మేసి అల్లూరు వెళ్ళిపోయాడు, ఎవరివో రొయ్యల గుంటలకు కాపలా ఉండటానికి. పెట్టె రమణయ్య మాట వింటుందన్న మాట ఆయన నోట పుట్టి ఊరంతా పాకింది. పన్నెండేళ్ళకు తిరిగొచ్చినా రమణయ్య కొట్టు ముందు నుంచి పోకుండా చుట్టుతిరిగి పోయేవాడు.

ఆ వేసవి మొదట్లోనే రమణయ్య మళ్ళీ మద్రాసు వెళ్ళాడు. ఈసారి రిచీ స్ట్రీట్ నుంచి అరచేతంత కార్డు ఒకటి తెచ్చాడు. పెట్టె వెనక ఎక్స్‌పాన్షన్ స్లాట్ అని ఒక గాడి ఉంటుంది, దాంట్లో గుచ్చాలి. కార్డు మీద దానిదే ఇంకో ప్రాసెసర్, అసలు దానికంటే ఎన్నో రెట్లు వేగం. పెట్టె పాత బుర్రను నిద్రపుచ్చి పనంతా ఇదే చేస్తుంది. యాక్సిలరేటర్ అంటారని చెప్పాడు. కుప్పం మాత్రం దానికి పరుగు కార్డు అని పేరు పెట్టింది. పూట గడవడం కష్టంగా ఉంటే ఈయనకు పరుగు కావాల్సి వచ్చిందా అని ముసలమ్మ నెత్తీనోరూ బాదుకుంది. రోజారమణి కూడా నాన్నకు పిచ్చి ముదిరిందనే అనుకుంది. కార్డు గుచ్చాక ఆమె తెడ్డు లెక్క పనికిరాకుండా పోయింది. అంకెలు ఎంత వేగంగా తిరిగేవంటే, నాలుగో తెడ్డుకు ఒకసారి మూడు, ఒకసారి ఇరవై. ఆ పున్నమికి వాళ్ళకు పదిహేడో పాడు వచ్చింది. ఆమె లోలోపల ఊపిరి పీల్చుకుంది. ఎవరికీ తెలియలేదు, ఇక తెలియదు కూడా.

ఇంకొకటి కూడా జరిగింది, దాన్ని ఆమె అప్పుడు పట్టించుకోలేదు. ఇటుకల ఆట ఆడటానికి వీల్లేకుండా పోయింది. కార్డు వేగానికి బంతి కంటికి కనపడక ముందే కిందికి జారిపోయేది. నిదానం చేసే మీట ఒకటి ఉంటుంది కదా నాన్నా అని అడిగితే, అది బిగుసుకుపోయిందన్నాడు. ఆ తర్వాత ఆయన ఎప్పుడూ ఆట ఆడలేదు. ఆదెయ్య లేడు కాబట్టి ఆట మీద మనసు పోయిందని ఇంట్లోవాళ్ళు అనుకున్నారు.

*

పున్నమి ఐదు రోజులుందనగా రోజారమణి పెట్టెను దించింది. గోనెసంచి విప్పితే బల్లి గుడ్లు, బొద్దింక రెక్కలు, తండ్రి చేతిరాతతో 'పాడు' అని రాసిన క్యాసెట్టు. కొట్లో మూల ఉన్న పాత పోర్టబుల్ టీవీని తుడిచి, పెట్టె లోపల ఉబ్బిన కెపాసిటర్లు రెండు మార్చి, కరెంటు ఇచ్చింది. ఏమీ లేదు. నల్లని తెర. కార్డును ఊడబెరికి మళ్ళీ ఇచ్చింది. తెర మీద తెల్లని చుక్క మిటకరించింది. బతికే ఉంది ముసలిది. చచ్చింది కార్డే.

స్లాట్‌లో గుచ్చే అంచుకు ఉప్పుగాలి పచ్చగా పట్టింది. పెన్సిలు రబ్బరుతో రుద్దితే ఆ పచ్చదనం పోయి ఇత్తడి రంగు తేలింది. మళ్ళీ గుచ్చింది, మళ్ళీ నలుపే. భూతద్దం పెట్టి చూస్తే ప్రాసెసర్ కాళ్ళు నాలుగు తుప్పుతిని విరిగిపోయాయి. చెన్నైలో తెలిసినవాళ్ళకు ఫోన్ చేసింది. అలాంటి చిప్పు ఇప్పుడు చేయడం లేదన్నారు. పాత వస్తువులు దాచుకునేవాళ్ళ దగ్గర ఎక్కడో దొరకొచ్చు, తెప్పించడానికి మూడు వారాలు పడుతుందన్నారు.

సరే, ఇంకేమైనా తెగిందా అని కార్డును తిప్పి తిప్పి చూస్తుంటే ఒక పక్కన నల్లని గడ్డ కనిపించింది. బటానీ గింజంత. మురికి అనుకుని స్క్రూడ్రైవరు మొనతో గీకింది. అది మురికి కాదు. గీకిన చోట నుంచి పడవ వాసన వచ్చింది. తారు. దాని కింద చిన్న మీట తల కనపడింది. అటు జరిపితే వేగం, ఇటు జరిపితే నిదానం. ఆ మీటను వేగం వైపు పూర్తిగా జరిపి, మళ్ళీ ఎవరూ కదపకుండా పైన తారు మెత్తేశారు. మీట దానంతట అది బిగుసుకుపోలేదు. దాన్ని బిగించారు.

రోజారమణి చేతిలో స్క్రూడ్రైవరు అలాగే ఉండిపోయింది. నాన్నకు తెలుసు. ఆమె నొక్కేటప్పుడు వెనక నిలబడి పెదాలు కదలడం చూసి ఉంటాడు. తెడ్డు లెక్క ఆయనే కదా నేర్పింది. తెలిసి ఒక్క మాట అనలేదు. తిట్టలేదు, కొట్టలేదు, ఇంకెవరి చేతనో నొక్కించనూ లేదు. అలా చేస్తే ఎందుకని ఊరు అడుగుతుంది. పిల్ల దొంగయ్యే దారిని మూసేసి, దొంగ అన్న పేరును తాను మోశాడు. తన ఆటను కూడా ఆ తారు కిందే పూడ్చేశాడు. ఇరవై రెండేళ్ళ పాటు రోజూ ఎదురుగా కూర్చుని అన్నం తిన్న మనిషి. ఆ ఇరవై రెండేళ్ళలో ఒక్క రోజైనా రోజారమణే ఆయన ముందు నోరు విప్పి చెప్పి ఉండొచ్చు. చెప్పలేదు. ఆమె టేబుల్ మీద తల ఆనించి వెక్కి వెక్కి ఏడ్చింది.

క్యాసెట్టు మూడోసారికి ఎక్కింది. కార్డు లేకుండా, పాత నిదానంతో. పెట్టె కూసింది. ఆమె ఏమీ అనుకోకుండానే వేలు పెట్టింది. ఎనిమిది. మళ్ళీ పెట్టింది. ఏడు. మూడోసారి ఏడు. ముప్పై మూడేళ్ళు గడిచినా చేతికి మరుపు లేదు. అప్పుడే భర్త వినోద్ భోజనానికి వచ్చి తెర చూశాడు. ఇల్లరికం వచ్చినవాడు, నిదానస్తుడు. ఏడు కనపడేసరికి సంతోషపడి, మంచి శకునం, ఈ ఏడు ఏడో పాడు మనకే వస్తే పడవకు కొత్త ఇంజను వేయించుకోవచ్చు, అన్నాడు. ఆమె టీవీ ఆపేసింది.

ఆ నాలుగు రోజులూ ఆమె మనసులో అదే రుబ్బుడు. పెట్టె చచ్చిందని చెప్పేయొచ్చు, మళ్ళీ ఫోను, మళ్ళీ తగువు. లేదా వినోద్ చేత నొక్కించి నోరు మూసుకోవచ్చు, కిటుకు తెలిసింది తనొక్కదానికే. కానీ ఆదెయ్య వస్తాడు, నాన్నను పదిమందిలో దొంగ అంటాడు, ఆమె తల వంచుకుని వింటుంది, నాన్న విన్నట్టే. ఒక మనిషి పరువు ఆమె నాలుక చివర ఉంది. తన పరువు నిలిస్తే ఆయనది పోతుంది, ఆయనది నిలవాలంటే తనది పోవాలి.

*

పున్నమి నాడు పొద్దున్నే తుఫాను షెల్టర్ హాలులో చాపలు పరిచారు. పెట్టె, టీవీ, టేపురికార్డరు బల్ల మీద ఉన్నాయి. ఇరవై నాలుగు ఇళ్ళ వాళ్ళూ వచ్చారు. కుర్రకారు పెట్టెను చూసి ఫోన్లలో ఫొటోలు తీసుకున్నారు. ఆదెయ్య వెనక వరసలో గోడకు ఆనుకుని కూర్చున్నాడు. ఎనభై దాటాయి, చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని ఒకదాన్ని ఒకటి పట్టుకుని ఉన్నాడు, వణుకు కనపడకుండా. హజరత్తయ్య మొదలుపెడదామనగానే ఆయన నోరు తెరవబోయాడు. రోజారమణి అంతకంటే ముందే లేచి నిలబడింది.

"ఆదెయ్య మామా, నువ్వు అనబోయే మాట నేనే అంటా" అంది. "ఒక్క నిమిషం చూడు."

పెట్టె కూసింది. ఆమె అందరి వైపూ తిరిగి నిలబడి, తెర చూడకుండా, వెనక్కి చెయ్యి పెట్టి నొక్కింది. ఏడు. తుడిచేసి మళ్ళీ నొక్కింది. ఏడు. మూడోసారి కూడా ఏడే. ఆ తర్వాత ఆమె అంతా చెప్పింది. తెడ్డు లెక్క చెప్పింది, రెండేళ్ళు రెండు ఏడులు తానే దొంగిలించానని చెప్పింది. పద్నాలుగేళ్ళ పిల్లనని గానీ, అమ్మ ఏడ్చిందని గానీ సాకు చెప్పలేదు. వినోద్ తల వంచుకుని చాప పోగు పీకుతూ ఉన్నాడు.

ఆదెయ్య ఒకే ఒక్కటి అడిగాడు, మీ నాయనకు తెలుసునా అని.

ఆమె కార్డును తీసుకెళ్ళి ఆయన చేతిలో పెట్టింది. తారు గడ్డ, దాని కింద మీట చూపించింది. ఈ కార్డుంటే ఎవరి లెక్కా సాగదని, అందుకే దాన్ని తెచ్చి, మీటను ఎవరూ వెనక్కి తిప్పకుండా మూసేశాడని చెప్పింది. ఆయన దాన్ని కళ్ళ దగ్గరగా పెట్టుకున్నాడు. వణికే బొటనవేలితో తారును రుద్దాడు, ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ముసలి మొహం మెల్లగా మారిపోయింది.

"ఈ తారు నాదే" అన్నాడు.

ఎవరికీ అర్థం కాలేదు. ఆయన కార్డుతోనే మాట్లాడుతున్నట్టు చెప్పుకుపోయాడు.

"పడవ అమ్మేసే ముందర తారు పూస్తా ఉన్నా. మీ నాయన వచ్చి పక్కన కూచున్నాడు. అరగంట. ఏదో చెప్పబోయినాడు, మింగినాడు. కడాకు, బావా, రవ్వంత తారు పెట్టు అన్నాడు. ఎందుకన్నా. చిన్న కన్నం పడినాది బావా, మూసెయ్యాల అన్నాడు. నీ పడవకా అన్నా. కాదనలా, అవుననలా. వేలి మీద పెట్టుకోని పోయినాడు. నేను ఆ ఎనకమాల మళ్ళా ఆయప్పతో మాట్లాడలా."

ఆయన కళ్ళు తుడుచుకోలేదు. చేతులు రెండూ కార్డు పట్టుకుని ఉన్నాయి మరి. రోజారమణి ఆయన ముందు చాప మీద కూలబడింది.

కాసేపటికి హజరత్తయ్య లేచి బల్ల దగ్గరికి వచ్చాడు. పెద్దరికం అలాంటిది, ఎవరు ఏడ్చినా పని ఆగకూడదు. పరుగు కార్డు చచ్చింది, నిదానం పెట్టెకు లెక్క తెలిసిపోయింది, ఇప్పుడు చీటీలు ఎట్లా తీసేదని అడిగాడు. కుర్రవాళ్ళు కొందరు అప్పటికే మనసులో తెడ్లు వేస్తున్నారు, వాళ్ళ మొహాలు చూస్తేనే తెలుస్తోంది.

ఆదెయ్య కార్డును పక్కన పెట్టి కుడిచెయ్యి గాలిలోకి చాపాడు. అది ఎండుటాకులా వణికింది.

"ఇది చూడండి" అన్నాడు. "గ్లాసు నోటి కాడికి వచ్చేలోపల సగం నీళ్ళు ఒలికిపోతాయి. దీనికి ఏ లెక్క వస్తాది? అన్ని ఇళ్ళకూ నేనే నొక్కతా."

ఒక్కరు కూడా కాదనలేదు. ఇద్దరు పట్టుకుని ఆయన్ను బల్ల ముందు కూర్చోబెట్టారు. పెట్టె కూసింది. ఆయన వేలు బొత్తాం మీద మూడు నాలుగు చోట్ల తడబడి, దాని ఇష్టం వచ్చినప్పుడు పడింది. మొదటి ఇంటికి రెండు. ఆ తర్వాత హజరత్తయ్య ఎప్పటి అలవాటు ప్రకారం రమణయ్య ఇల్లు అని పిలిచాడు. ఆదెయ్య వెనక్కి తిరిగి రోజారమణిని ఒకసారి చూసి నొక్కాడు. పదకొండు. నీళ్ళు బాగుండే తావు, అన్నాడు మెల్లగా. మూడోది ఆయన ఇల్లు. పందొమ్మిది వచ్చింది. ఏడో పాడు చివరికి పద్దెనిమిదో ఇంటికి, మొగుడు పోయి ఇద్దరు ఆడపిల్లలతో వల కట్టుకునే చెంచులక్ష్మికి వచ్చింది. ఆ ఏడాది తగువు రాలేదు.

ఆ మర్నాడు సాయంత్రం రోజారమణి కొట్లో పెట్టెకు గోనెసంచి చుడుతోంది. గుమ్మంలో కర్ర చప్పుడైంది. ముప్పై రెండేళ్ళ తర్వాత ఆదెయ్య ఆ గడప దాటాడు. బెంచీ మీద కూర్చోలేదు. టీవీ ముందు నేల మీద, తాను ఎప్పుడూ కూర్చునే చోట, కర్ర ఆసరాతో మెల్లగా చతికిలబడ్డాడు.

"ఆ తారు గీకబాకమ్మే, ఉండనీ" అన్నాడు. తర్వాత పక్కనున్న ఖాళీ నేలను చేత్తో తట్టాడు. "బావ ఆడే ఆట ఉండాదా ఇంకా?"

ఆమె వెతికి ఆ క్యాసెట్టు ఎక్కించింది. కీచుమోతకు ఎదురింటి కుక్క లేచి వెళ్ళిపోయింది. కార్డు లేని పెట్టె పాత నిదానంతో ఇటుకలు పేర్చింది. బంతి తాపీగా, కంటికి కనపడేలా, కిందికి దిగింది. మొదటి బంతి ఆయన వణుకులో జారిపోయింది. రెండోది కూడా పోయింది. మూడోది పలకకు తగిలి పైకి వెళ్ళి ఒక ఇటుకను రాల్చింది. ఆదెయ్య పెద్దగా నవ్వాడు. రోజారమణి ఆయన పక్కన, తండ్రి కూర్చునే చోట కూర్చుంది.

"నీ వంతు" అన్నాడు ఆయన, కీబోర్డు ఇటు జరిపి.